నాపరాళ్ల దారిలో పెన్న దాకా

ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు వైపు వెళ్తుంటే దారి పొడవునా నాపరాళ్లే. గనిలో గడ్డపార దూర్చి లేపితే బండ పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఒక్కో పొర ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. పలుచన హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేశాం, రాయి నుంచి కార్బన్ డయాక్సైడ్ బుసబుసా పొంగింది. స్వచ్ఛమైన సున్నపురాయిలో నూటికి 44 వంతుల బరువు ఈ కార్బన్ డయాక్సైడే. మెగ్నీషియం కూడా కలిసిన వేంపల్లె డోలమైట్ రాయి ఇంత తొందరగా పొంగదు. మేకుతో గీకి, ఆ పొడి మీద చుక్క వేయాలి.

మైలవరం జలాశయం అంచుకు పొద్దున్నే చేరాం. ఎండెక్కిన తర్వాత వెళ్తే నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెంచేస్తుంది. అందుకే పీహెచ్ గట్టు మీదే చూసుకోవాలి. క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, మాత్రం ఆ వాయువు వచ్చినా పోయినా మారదు, సున్నం పేరుకుంటే తగ్గుతుంది. వడగట్టిన 50 మి.లీ. నీటిలో మిథైల్ ఆరెంజ్ అనే రంగు సూచిక వేసి, పసుపు నారింజకు తిరిగేదాకా 0.02 నార్మల్ గాఢత గల సల్ఫ్యూరిక్ యాసిడ్ పోయాలి. పట్టిన మిల్లీలీటర్లను 20తో హెచ్చిస్తే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని లెక్క తేలుతుంది.

సున్నపురాయి కరిగినప్పుడు పుట్టే బైకార్బొనేట్‌లో సగం కార్బన్ రాతిది, సగం గాలిది. పెన్న దాన్ని బంగాళాఖాతానికి మోస్తుంది. అక్కడ గవ్వ కట్టే జీవి రెండు బైకార్బొనేట్లు తీసుకుంటే ఒకటి గవ్వలో చేరుతుంది, రెండోది కార్బన్ డయాక్సైడ్‌గా బయటపడుతుంది.

అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ ప్రయాణం మొదలైందీ ఈ ప్రశ్నతోనే: సున్నపురాయి, నీరు, గాలి మధ్య సమతౌల్యం ఉందా? అది తేల్చడానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కచ్చితంగా కొలవాల్సి వచ్చింది, పరికరం తానే కట్టుకున్నాడు. 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా కొండ మీద 313 పీపీఎం (పది లక్షల భాగాలకు 313) నమోదైంది. 2005లో చనిపోయేదాకా గాలినీ సముద్రాన్నీ కొలుస్తూనే ఉన్నాడు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

సముద్రపు పైనీటిలో కిలోకు దాదాపు 2,000 మైక్రోమోళ్ల (మైక్రోమోల్ అణువుల లెక్కకు కొలమానం) అకర్బన కార్బన్, అంటే కరిగిన కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్, కార్బొనేట్ రూపాల్లోది ఉంటుంది. మన పొగల వల్ల ఏటా పెరిగేది ఇంచుమించు ఒక్క మైక్రోమోల్. సీసా నింపడంలో రెండు మైక్రోమోళ్లు తేడా వస్తే రెండేళ్ల మార్పు కనిపించకుండా పోతుంది. అందుకే గొట్టాన్ని అరలీటరు గాజు సీసా అడుగుదాకా దించి, బుడగ లేకుండా, నీళ్లు పొర్లిపోయేలా నింపుతారు. వేడికి నీరు వ్యాకోచిస్తే మూత లేవకుండా, ఆ తర్వాత కొంచెం నీరు తీసేసి పైన ఒక శాతం ఖాళీ ఉంచుతారు. సూక్ష్మజీవులు చచ్చేలా మెర్క్యురిక్ క్లోరైడ్ సంతృప్త ద్రావణం 100 మైక్రోలీటర్లు వేస్తారు. అది విషం, తొడుగులు తప్పనిసరి. నమూనాల మధ్య అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో ఆండ్రూ డిక్సన్ ప్రయోగశాల తయారుచేసిన, విలువ ముందే తెలిసిన ప్రామాణిక నీటిని కూడా కొలుస్తారు. దాని విలువ తప్పితే ముందు పరికరాన్ని సరిచేశాకే మిగతా సీసాల జోలికి పోతారు.