అర మిల్లీమీటరు

"నాన్నా, గీతల మధ్య ఇంకో గీత లేదు కదా, అర మిల్లీమీటరు ఎక్కడుంది?" అంటూ స్కేలు నా కళ్లకు ఆనించినంత పని చేసింది మా అమ్మాయి.

జీవపరిణామానికి లక్షల ఏళ్లు పడుతుందని పాఠంలో చదివిందట. నేను ఊరుకోలేక పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో ఉండే ఫించ్‌లనే చిన్న పక్షుల సంగతి ఎత్తాను.

1977లో అక్కడి డాఫ్నే మేజర్ దీవిలో వానల్లేవు. చిన్న గింజలు అయిపోయి, పెద్దవి, గట్టివే మిగిలాయి. వాటిని పగలగొట్టలేని పక్షులు ఎక్కువగా చచ్చిపోయాయి. జీవశాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతుల బృందం కొలిచి చూస్తే, బతికినవాటి ముక్కు మందం కరువుకు ముందున్న సగటు కన్నా సుమారు అర మిల్లీమీటరు ఎక్కువ. వాటి పిల్లలకూ అదే పోలిక. ఒక్క తరంలో! (పక్షుల్ని పట్టుకుని అంత ఓపిగ్గా కొలిచారంటే దండం పెట్టాలి.)

"మరి ఇప్పటికి ఇంత ముక్కులు వచ్చుండాలే?" అంది చెయ్యి బారెడు చాపి.

రాలేదు. 1983లో ఎల్‌నినో (పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కన్నా వేడెక్కడం) వల్ల వానలు దంచికొట్టాయి. చిన్న గింజలు విరివిగా వచ్చాయి, ఈసారి చిన్న ముక్కులదే పైచేయి.

ఇలా ముందుకూ వెనక్కీ ఊగేదీ పరిణామమే, దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందటి నాలుగు కాళ్ల జంతువుల్ని తిమింగలాలుగా మార్చిందీ పరిణామమే. నాకిప్పటికీ వింతగానే ఉంటుంది.

హోంవర్క్ ఇంకా పూర్తవలేదు. స్కేలు మాత్రం పిల్లి ముక్కు దగ్గరికి చేరింది.