దాక్షారం మీదుగా కాకినాడ

కార్తీక సోమవారం పొద్దున్న ముక్తేశ్వరం రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే పెద్ద పడవ) ఎక్కడం ఎలా ఉంటుందో గోదారి జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అవతల కోటిపల్లిలో స్నానాలు చేసి తడిబట్టలు మూటగట్టుకుని వచ్చేవాళ్ళు ఒకపక్క, వెళ్ళేవాళ్ళు ఒకపక్క, మధ్యలో బైకులు, ఓ ఆటో, ఎవరిదో సారె సామాను వేసుకున్న ట్రాలీ, వీటన్నిటి మధ్య హారన్ కొడుతూ ఒక కారు, ఎక్కడికి పోతాడో మరి, ముందు గోదారే కదా ఉంది. టికెట్టు మళ్ళీ పెంచారు. ఇంకా ఘోరం, రేవులో కొబ్బరిబొండం 40 రూపాయలట, కోనసీమలో, చెట్టు కింద నిలబడి. హైదరాబాదులో అరవై ఇచ్చినప్పుడు కూడా నాకింత బాధ కలగలేదు.

మేం వెళ్ళేది స్నానానికి కాదు. మా పిన్ని, పిన్ని కొడుకు బుజ్జిగాడు, నేను కాకినాడలో ఒక ఆసుపత్రికి వెళ్తున్నాం. బుజ్జిగాడు ఇంజనీరింగ్ సెకండియర్లో ఉండగా వాడికి మాటలు వినపడటం మొదలైంది, ఎవరో తిడుతున్నట్టు, పేరు పెట్టి పిలుస్తున్నట్టు. మొదటి ఏడాది మామూలే, గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టించారు, ఎక్కడో గుడిలో నిద్ర చేయించారు, ఒకాయన దగ్గర పూజలకి కొబ్బరితోట తాకట్టు దాకా వెళ్ళింది. తర్వాత ప్రైవేటు, రాజమండ్రిలో. అక్కడ ఫీజు, బిళ్ళలు కలిపి నెలకి పిన్ని వల్ల కాలేదు. ఇప్పుడు కాకినాడ. చుట్టుపక్కల వాళ్ళకి మాత్రం నరాల డాక్టరు అని చెప్తుంది. ఆ ఓపీ ఉండేది సోమవారం, గురువారం. గురువారం నేను తిరుగు రైలెక్కాలి, అందుకే ఈ జనంలో.

ఎదుర్లంక బ్రిడ్జి ఉండగా పంటేంటి అంటారేమో, మా ఊర్నుంచి అమలాపురం పోయి, అక్కడ బస్సు పట్టుకుని ముమ్మిడివరం, మురమళ్ళ, యానాం మీదుగా కాకినాడ చేరేసరికి ఓపీ చీటీలు ఇవ్వడం అయిపోతుంది. ఇదే దగ్గర. దగ్గరంటే ఆటో, పంటు, బస్సు, మళ్ళీ ఆటో. వరదలప్పుడు పంటు ఆపేస్తారు కదా, మొన్న వరదల్లో అదే జరిగింది, పిన్నికి జ్వరం, తిరిగి వెళ్ళడానికి తోడు ఎవరూ లేరు, బిళ్ళలు అయిపోయాయి. రెండు వారాలు దాటేసరికి బుజ్జిగాడు మీటరు దగ్గర ఫ్యూజు పీకేసి జేబులో వేసుకుని తిరిగాడట, కరెంటు తీగల్లోంచి ఆ గొంతులు వస్తున్నాయని. మూడు రోజులు ఇల్లంతా చీకట్లోనే ఉంది, అడిగితే కొడతాడేమోనని పిన్ని అడగలేదు. ఫోన్లో నాకు చెప్పలేదు కూడా, ఇప్పుడు పంటు మీద, ఇంజను చప్పుడులో, బుజ్జిగాడు అటువైపు నీళ్ళు చూస్తుండగా చెప్పింది.

వాడు మాత్రం హాయిగా ఉన్నాడు. ఆ బిళ్ళలకి బాగా ఆకలేస్తుంది, లావయ్యాడు, కోటిపల్లిలో దిగగానే ఇడ్లీ బండి దగ్గర ఆగాడు. నాలుగు ఇడ్లీ తిన్నాక "అన్నయ్యా, నువ్వు తినవేంటి" అని నా ప్లేటు వంక చూశాడు. ఇచ్చేశా.

కోటిపల్లిలో బస్సు కోసం చూస్తుంటే పంచారామాల స్పెషళ్ళు కనపడ్డాయి. ఇది నాకు భలే నచ్చే ఏర్పాటు, నిజంగా. ఆదివారం సాయంత్రం ఎక్కితే సోమవారం రాత్రికల్లా అమరావతి, భీమవరం, పాలకొల్లు, దాక్షారం (అదే, ద్రాక్షారామం), సామర్లకోట, అయిదుగురు శివుళ్ళ దర్శనం చేయించి తీసుకొచ్చి దింపేస్తారు. మూడు నాలుగు జిల్లాలు ఒక్క రోజులో. అదే జిల్లాల్లో ఒక మనిషి పదిహేను రోజుల బిళ్ళలు తెచ్చుకోవాలంటే తెల్లారుజామున లేచి రాత్రికి ఇల్లు చేరాలి, తోడు ఇంకో మనిషి కూలి పోవాలి. ఎవరికైనా పట్టుదల ఉంటే బస్సులు వెయ్యడం మనవాళ్ళకి రాని పనేం కాదు అని చెప్పడానికే ఇది.

హైదరాబాదులో నేనుండేది మూసాపేట. మెట్రో ఎక్కితే భరత్‌నగర్ తర్వాత ఎర్రగడ్డ, మానసిక ఆసుపత్రికి ఆ స్టేషన్ దగ్గరే. ఆ స్టేషన్ పేరు అనౌన్స్ చేసినప్పుడల్లా కాలేజీ కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుకుంటారు, నాకు మాత్రం పిన్ని గుర్తొస్తుంది, రెండు స్టేషన్లు. రాష్ట్రం విడిపోయినప్పుడు అది తెలంగాణకి పోయింది, మనకి వైజాగ్ చినవాల్తేరుది మిగిలింది. ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఉన్న రాష్ట్రంలో అది ఒక మూల. నా చిన్నప్పుడు మా వీధి చివర ఒకాయన్ని పశువుల పాకలో కాలికి గొలుసేసి ఉంచేవారు, కంచం కర్రతో తోసేవారు. ప్రతి సంక్రాంతికీ వాళ్ళబ్బాయి "ఈ ఏడు వాల్తేరు తీసుకెళ్ళాలండి" అనేవాడు. నేను టెన్త్‌లో ఉండగా ఆయన ఆ పాకలోనే పోయాడు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. 2001లో తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారని పేపర్లో వచ్చిన రోజు మా నాన్న పేపరు మడిచి పాక వైపు చూడటం నాకు బాగా గుర్తు.

సరే, బస్సు. కాకినాడ బస్సే కానీ ఎక్కినవాళ్ళందరూ దాక్షారం వాళ్ళే. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు లేదు కదా, పిన్నికి సున్నా టికెట్టు చింపి ఇచ్చి నాకూ బుజ్జిగాడికీ డబ్బులు తీసుకున్నాడు కండక్టరు. నా పక్కన సీట్లో ఒక మామ్మగారు, పసుపు చీర, ఒళ్ళో సంచి, సంచిలోంచి అరటిపళ్ళు, తమలపాకులు బయటికి కనపడుతున్నాయి.

"ఏ ఊరు బాబూ మీది?"

చెప్పా.

"దాక్షారమేనా?"

"అవునండి" అన్నాను, ఎందుకొచ్చిన గొడవ అని. పిన్ని నా మోచెయ్యి గిల్లింది, అంటే బాగా చెప్పావని.

మామ్మగారు ఇంక ఆగలేదు. ఏ తిథి, ఏ నక్షత్రం, భీమేశ్వరుడికి పైనుంచి అభిషేకం ఎలా చేస్తారు, గుడి రెండంతస్తుల్లో ఉంటుందని, మెట్లెక్కాలని, ఆవిడ మోకాళ్ళు, పోయినేడు తోపులాటలో గొలుసు తెగిన ఎవరో. బుజ్జిగాడికి ఒక అరటిపండు ఇచ్చింది, వాడు ఇంకోటి అడిగాడు, అదీ ఇచ్చింది. వాడి చేతులు కొంచెం వణుకుతాయి, తొక్క తీస్తుంటే ఆవిడ కాసేపు ఆ చేతుల వంకే చూసింది. చూసి ఏమీ అనలేదు.

దాక్షారంలో బస్సు ఒక్కసారిగా ఖాళీ అయింది. మేం కూర్చునే ఉన్నాం. ఆవిడా కూర్చునే ఉంది.

"మామ్మగారూ, దాక్షారం వచ్చేసిందండి, దిగండి" అన్నాడు కండక్టరు.

"కాకినాడ నాన్నా" అంది ఆవిడ, కిటికీలోంచి గోపురం వైపు దణ్ణం పెట్టుకుంటూ.

బస్సు కదిలాక పిన్ని కాళ్ళ దగ్గర ఉన్న ప్లాస్టిక్ కవరు చూపించి, "మీదీ అక్కడికేనా అమ్మా?" అని అడిగింది. ఆవిడ సంచిలో తమలపాకుల కింద ఇంకో కవరు, అందులో అదే రంగు చీటీ, నాలుగు మడతలు, మడతల దగ్గర చిరిగిపోతే వెనక ప్లాస్టరు అంటించి ఉంది. కొడుకుది. నలభై దాటాయట. కార్తీక మాసం నాలుగు సోమవారాలూ ఆవిడకి సుఖం, ఎక్కడికని ఎవరూ అడగరు, దాక్షారం అంటే చాలు. మిగతా ఏడాదంతా కళ్ళ డాక్టరు. "ఇన్నాళ్ళూ చూపించుకుంటే ఈపాటికి నా కళ్ళు రెండూ మార్చేసుండాలి బాబూ" అని తనే నవ్వింది.

నేను ఇలాంటి నవ్వులకి దొరికిపోతాను. రామచంద్రపురం దాటేదాకా ఇద్దరు ఆడవాళ్ళూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, నేను సీటు మారి వాళ్ళకి ఒకే సీటు ఇచ్చేశా. ఏ బిళ్ళకి నోరు ఎండుతుంది, ఏ బిళ్ళకి మెడ బిగుసుకుంటుంది, దానికి విరుగుడుగా ఇచ్చే తెల్లబిళ్ళ ఎప్పుడు వెయ్యాలి, ఇవన్నీ. మామ్మగారు ఒక మాట చాలా మామూలుగా చెప్పింది. పదిహేను రోజులకి ఇచ్చిన బిళ్ళల్ని చాకుతో సగం చేసి నెలరోజులకి సరిపెడుతుందట. "నెలకి రెండుసార్లు రాలేను కదమ్మా, వాణ్ణి చూసుకునేదెవరు?" సగం డోసుకి ఆయన సగం బాగుంటాడు, పండగలకి కొంచెం ఎక్కువ అవుతుంది. డాక్టరుకి చెప్పారా అని అడిగా. చెప్తే తిడుతుంది కదా అంది.

తిక్కరేగి ఫోన్లో చట్టం తెరిచా. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉంది, 18వ సెక్షన్ చదవండి ఎవరైనా. మానసిక జబ్బు ఉన్న మనిషి వైద్యం కోసం దూరాభారం ప్రయాణం చెయ్యాల్సిన అవసరం ఉండకూడదు, వాళ్ళుండే చోటుకి దగ్గర్లోనే దొరకాలి అని నల్లగా తెల్లగా రాసుంది. ముఖ్యమైన మందులు కమ్యూనిటీ హెల్త్ సెంటర్ నుంచి పైన అన్ని సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా, ఎల్లవేళలా ఉండాలనీ ఉంది. ఎల్లవేళలా. బస్సు గోతుల్లో పడుతుంటే ఆ మాట మీద వేలు పెట్టి పిన్నికి చదివి వినిపించా. పిన్ని "మన దగ్గర్లో అడిగాను నాన్నా, బీపీ, షుగరు బిళ్ళలు కావాలంటే ఇస్తామన్నారు" అంది. మనసు బాగోలేని వాళ్ళ కోసం 2022లో సర్కారు పెట్టిన 14416 నెంబరుకి కూడా ఒకసారి చేసిందట, అవతల అమ్మాయి చాలా బాగా మాట్లాడింది, అరగంట విన్నది, బిళ్ళలు మాత్రం ఫోన్లోంచి రావు కదా.

లెక్కలు కూడా ఉన్నాయి. 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు, జబ్బుని బట్టి నూటికి 70 నుంచి 92 మంది వైద్యం అందకుండా ఉన్నారని తేలింది. 12 రాష్ట్రాల్లో చేశారు, మనది అందులో లేదు. అంటే మామ్మగారూ పిన్నీ ఆ లెక్కలోకి కూడా ఎక్కలేదు. దేశం మొత్తం మీద లక్ష మందికి ముప్పావు సైకియాట్రిస్టు అంటారు, ఆ ముప్పావులో కూడా సింహభాగం సిటీల్లోనే. ఎప్పుడు ఎవరు మాట్లాడినా జనానికి అవగాహన లేదు, అవగాహన కావాలి అంటారు. చీటీకి ప్లాస్టరు అంటించుకుని తిరుగుతున్న ఆవిడకి ఇంకేం అవగాహన కావాలండీ? ఆవిడకి కావాల్సింది ఊరికి దగ్గర్లో ఓ బిళ్ళల డబ్బా.

ఆసుపత్రి గురించి పెద్దగా రాయను, పేరూ రాయను. లైను, చెమట, బల్లలు చాలవు. డాక్టరమ్మ చిన్నపిల్ల, బయట కారిడార్ నిండా జనం, అయినా బుజ్జిగాణ్ణే చూసి బుజ్జిగాడితోనే మాట్లాడింది, మా పిన్ని మధ్యలో దూరితే ఆగమంది, అది నాకు నచ్చింది. బరువు చూసి తీపి తగ్గించమంది. మొత్తం కలిపి మూడు నిమిషాలేమో. పిన్ని రెండు నెలలకి రాయమని బతిమాలింది, రాసినా కౌంటర్లో పదిహేను రోజులకే ఇచ్చారు, స్టాకు అంతే ఉందట. మామ్మగారు డాక్టరుకి సగం బిళ్ళల సంగతి చెప్పిందో లేదో చూడలేదు, మా తర్వాత చాలాసేపటికి గానీ ఆవిడ నెంబరు రాలేదు.

కాకినాడ వచ్చి కాజా తినకుండా వెళ్తామా, డాక్టరమ్మ మాట అప్పుడే పక్కన పడింది, బుజ్జిగాడు పావుకిలో అక్కడే తిన్నాడు. బస్టాండుకి ఆటో 150 అన్నాడు, నడిచిపోయే దూరానికి, నేను దెబ్బలాడుతుంటే పిన్ని ఎక్కేసింది. తిరుగు దారి యానాం మీద నుంచి, మళ్ళీ పంటు రద్దీ పడలేక. ఇల్లు చేరేసరికి సీరియళ్ళు కూడా అయిపోయాయి.

బస్టాండులో పిన్నీ మామ్మగారూ ఫోన్ నెంబర్లు మార్చుకున్నారు. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు, ఈసారి ఒకళ్ళు, పైసారి ఒకళ్ళు, రెండు చీటీలూ పట్టుకెళ్ళి ఇద్దరి బిళ్ళలూ తెచ్చేటట్టు, కోటిపల్లి రేవులో చేతులు మార్చుకునేటట్టు. నేను హైదరాబాదు వచ్చేశా. రెండు వారాలు గడిచాక పిన్ని ఫోన్ చేసింది. మొదటి వంతు మామ్మగారిది, వెళ్ళిందట, ఆవిడ కొడుకువి ఇచ్చారు, మన బుజ్జిగాడివి అడిగితే రక్తసంబంధం కాని వాళ్ళకి ఇవ్వం, మనిషిని తీసుకురమ్మన్నారట. మామ్మగారు వాళ్ళబ్బాయి వాటిల్లోంచి నాలుగు రోజులవి తీసి రేవులో పిన్ని చేతిలో పెట్టింది, అవీ ఇవీ ఒకటే బిళ్ళలట, రంగు చూసి కాదు, స్ట్రిప్పు మీద పేరు కూడబలుక్కుని చదివి మరీ ఇచ్చిందట. "గురువారం వెళ్తున్నాం రా, వాణ్ణి తీసుకుని. పంటు మీదే" అంది పిన్ని. ఆ రోజుకి తోడు ఎవరొస్తున్నారని అడిగాను, ఇంకా చూస్తోందట.