మా ఫ్రిజ్, అత్తయ్యగారి ఇన్సులిన్

పరగడుపున చూస్తే అత్తయ్యగారి షుగర్ 236 ఉంది. అంతకు ముందు రోజు 210, ఆ ముందు రోజు 184. “మళ్లీ మామిడిపండు తిన్నారా అత్తయ్యా?” అని అడిగాను. మే నెల, ఇంట్లో బుట్టెడు నూజివీడు రసాలున్నాయి. “లేదమ్మాయ్, ముట్టుకుంటే ఒట్టు” అన్నారు ఆవిడ. నేను నమ్మలేదు. మావారూ నమ్మలేదు. పండ్లబుట్ట తీసుకెళ్లి అటక మీద పెట్టేశాను కూడా. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తప్పు ఆవిడది కాదు. ఫ్రిజ్ చెడిపోయినప్పుడు కంగారులో నేను చేసిన పనిది.

మాది విజయవాడ. ఫ్రిజ్ 2016లో కొన్నాం, రెండు తలుపులది, ఫ్రాస్ట్ ఫ్రీ. ఎనిమిదేళ్లు నోరెత్తకుండా పనిచేసింది. ఆ మే రెండో వారంలో ఒక సాయంత్రం పాలు కాచబోతే విరిగిపోయాయి. ప్యాకెట్ పాతదేమో అనుకున్నాను. మర్నాటికి పెరుగు పుల్లటి పులుపు. కొత్తిమీర వాడి, కూరగాయల ట్రే కింద గ్లాసెడు నీళ్లు చేరాయి. కింది అరలో చెయ్యి పెడితే చల్లదనమే లేదు. పైన ఫ్రీజర్ మాత్రం బాగానే ఉన్నట్టు అనిపించింది. ఐస్ ట్రే తీసి చూశాను. ఎప్పుడూ రాయిలా గట్టిపడే ముక్కలు ఆ రోజు పైన పెంకు కట్టి, వేలితో నొక్కితే లోపల నీళ్లు ఆడుతున్నాయి. మొదటి కబురు ఆ ఐసే చెప్పింది, నేను పట్టించుకోలేదు.

నాకు పాలూ పెరుగూ కాదు, ఇన్సులిన్ టెన్షన్. వాడుతున్న సీసా అడుగంటింది. కొత్త సీసా, మూత కూడా తియ్యనిది, ఫ్రిజ్ తలుపు అరలో ఉంది. కింద చల్లగా లేదు, పైన చల్లగా ఉంది. కాబట్టి పైన పెడదాం అనుకున్నాను. సీసా తీసి ఫ్రీజర్ తలుపులో, బఠాణీల ప్యాకెట్ పక్కన పెట్టాను. ఎంత జాగ్రత్తగా పెట్టానో నాకు గుర్తుంది, దొర్లకుండా చుట్టూ గుడ్డ కూడా చుట్టాను.

ఆన్‌లైన్‌లో వెతికితే దొరికిన నంబరుకు ఫోన్ చేశాను. కంపెనీ సర్వీసు అనే అన్నారు. మర్నాడు సాయంత్రం ఒకబ్బాయి వచ్చాడు. ఫ్రిజ్ వెనక ఒకసారి, పక్కన ఒకసారి చెయ్యి పెట్టి చూశాడు, అంతే. “గ్యాస్ అయిపోయింది మేడమ్. ఎక్కించాలి. మూడువేల ఎనిమిది వందలు అవుతుంది” అన్నాడు. సిలిండర్ రేపు తెస్తానని, అప్పటిదాకా ప్లగ్ తీసేసి తలుపులు తెరిచి ఉంచమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రంతా ఫ్రిజ్ లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. పాత లుంగీలు, గోనెసంచి పరిచి రెండుసార్లు పిండాను. గ్యాస్ అయిపోయిన ఫ్రిజ్‌లో ఇంత మంచు ఎక్కడిది అని అడగాలని నాకు తోచలేదు.

మర్నాడు వచ్చాడు. నేను వంటింట్లో టీ పెట్టి తెచ్చేలోపు “అయిపోయింది మేడమ్” అన్నాడు. ప్లగ్ పెట్టాడు, రెండు గంటల్లో చల్లబడింది. డబ్బు ఫోన్‌లో పంపించాను. బిల్లు అడిగితే వాట్సాప్‌లో వస్తుందన్నాడు, రాలేదు. అయినా ఫ్రిజ్ పనిచేస్తోంది కదా అని ఊరుకున్నాను. ఇన్సులిన్ సీసా మళ్లీ కింది అరలోకి మార్చాను. చూస్తే ద్రవంగానే ఉంది. గడ్డకట్టి ఉంటే అప్పుడే అనుమానం వచ్చేది. కానీ రాత్రంతా ఆపేసి ఉంచడంతో గడ్డకట్టింది కాస్తా కరిగిపోయింది. రెండు రోజుల తర్వాత పాత సీసా అయిపోతే ఇదే మొదలుపెట్టాం. ఆ మర్నాటి నుంచే 184, 210, 236.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందులన్నీ తెమ్మంటే సీసా కూడా పట్టుకెళ్లాను. అత్తయ్యగారిది పాలలా తెల్లగా ఉండే రకం. ఆయన దాన్ని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి వెలుతురుకు పెట్టి నాకు చూపించారు. మంచి ఇన్సులిన్ అయితే ఇలా దొర్లించాక అంతా ఒకే తీరున పాలలా కలిసిపోవాలి. ఇందులో సన్నటి తెల్లటి పలుకులు తేలుతున్నాయి. కొన్ని గాజు గోడకు అంటుకుని, చలికాలం అద్దం మీద మంచు పట్టినట్టు కనిపించాయి. “ఇది గడ్డకట్టిందమ్మా. ఎక్కడ పెట్టారు?” అని అడిగారు. చెప్పాను. అక్కడే నాకు ఏడుపొచ్చింది.

ఆయన చెప్పిన మాటలు ఇంట్లో షుగర్ పేషెంట్ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకట్టిందంటే, మళ్లీ కరిగి మామూలుగా కనిపించినా, పారెయ్యాల్సిందే. అదే వాడుకలో ఉన్న సీసా అయితే ఎండ తగలకుండా 25, 30 డిగ్రీల లోపు చోట బయట పెట్టినా సుమారు నాలుగు వారాలు ఉంటుంది. అంటే ఫ్రిజ్ ఆగిన రోజు నేను కంగారు పడాల్సినంత పనే లేదు. మా వంటింట్లో మధ్యాహ్నం 38 దాటుతుంది కాబట్టి అలాగే బల్ల మీద పెట్టలేను, నిజమే. దానికి ఆయనే దారి చెప్పారు, కొత్త కుండ. వెడల్పాటి మట్టి తొట్టిలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, సీసాను మూత ఉన్న డబ్బాలో పెట్టి కుండలో ఉంచాలి. పైన తడిగుడ్డ కప్పి, ఇసుక ఆరకుండా నీళ్లు చల్లుతూ, గాలి ఆడే నీడలో పెట్టాలి. తెరవని సీసాలు మాత్రం ఎవరి ఫ్రిజ్‌లోనైనా, మధ్య అరలో, వెనక గోడకు తగలకుండా దాచమన్నారు.

కొత్త సీసాతో నాలుగు రోజుల్లో 148కి వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాను. సరిగ్గా అప్పుడే, గ్యాస్ ఎక్కించిన తొమ్మిదో రోజున, కింది అర మళ్లీ వెచ్చబడింది. రోళ్లు పగిలే రోహిణి కార్తె మొదలవుతోంది. అదే వరస, ట్రే కింద నీళ్లు, ఐస్ ముక్కల్లో నీళ్లు. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే “మళ్లీ లీకై ఉంటుంది, కంప్రెసర్ మార్చాలేమో” అన్నాడు. రేపు వస్తానని ఫోన్ ఎత్తడం మానేశాడు. ఈసారి ఇన్సులిన్ ముందే పై వాటా పిన్నిగారి ఫ్రిజ్‌లోకి చేర్చాను. పిన్నిగారే చెప్పారు, గవర్నరుపేట వైపు పాత ఫ్రిజ్ మెకానిక్ ఒకాయన ఉన్నారు, పెద్దాయన, ఆయన్ని పిలువు అని.

ఆయన వచ్చీ రాగానే ఫ్రిజ్ ముట్టుకోలేదు. స్టూలు మీద కూర్చుని ప్రశ్నలు వేశారు. పైన ఐస్ కడుతోందా? కింద ఎన్నాళ్ల నుంచి? మధ్యలో ఎప్పుడైనా పూర్తిగా ఆపారా? ఆపాక ఎన్ని రోజులు పనిచేసింది? నేను చెప్పింది విని, “ఒక పూటంతా ఆపితే తొమ్మిది రోజులు నడిచిందంటే గ్యాస్ కాదమ్మా” అన్నారు.

తర్వాత ఫ్రీజర్ ఖాళీ చేయించి, వెనక ప్లాస్టిక్ పలక స్క్రూలు విప్పారు. పలక రాలేదు, మంచుకు అతుక్కుపోయింది. గోరువెచ్చని నీళ్ల గుడ్డతో అద్ది అద్ది తీశారు. కత్తితో పొడిస్తే లోపలి కాయిల్‌కు, అంటే గ్యాస్ తిరిగే చల్లటి గొట్టానికి, చిల్లు పడుతుంది, అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది అన్నారు. పలక వెనక చూస్తే గోడ కట్టినట్టు మంచు. కాయిల్ రేకులు ఒక్కటీ కనిపించడం లేదు, ఈ చివర నుంచి ఆ చివరి దాకా తెల్లగా, బొంతలా. “చూశారా? గ్యాస్ తక్కువైతే కాయిల్‌లో మొదటి కాస్త మేరే మంచు పడుతుంది, మిగతాది వట్టిగా ఉంటుంది. ఇది నిండుగా పట్టింది. చల్లదనం పుడుతోంది, కిందికి వెళ్లడానికి దారి లేదు.”

ఫ్రాస్ట్ ఫ్రీలో చల్లదనం పుట్టేది ఆ ఒక్క కాయిల్ దగ్గరేనట. అక్కడి గాలిని చిన్న ఫ్యాను కొంత ఫ్రీజర్‌లోకి, కొంత కింది అరలోకి తోస్తుంది. తలుపు తీసినప్పుడల్లా వెళ్లే తేమ కాయిల్ మీద మంచుగా పడుతుంది. కంప్రెసర్ కొన్ని గంటలు తిరిగాక టైమర్ దాన్ని ఆపి, కాయిల్ కింది హీటర్‌కు కరెంటు ఇస్తుంది. మంచు కరిగి, నీళ్లు గొట్టంలోంచి వెనక కంప్రెసర్ పైనున్న గిన్నెలోకి దిగి ఆ వేడికి ఆవిరైపోతాయి. మా ఫ్రిజ్ ఎనిమిదేళ్లు రోజూ నాకు తెలియకుండా ఈ పని చేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు మంచు కరగడం మానేసింది. మంచు పేరుకుని గాలి దారి మూసుకుపోతే ముందు కింది అర వేడెక్కుతుంది, పైన ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ప్లగ్ తీసి ఉంచిన రాత్రి ఆ మంచంతా కరిగింది, అందుకే “బాగైంది”.

మరి ఏది పోయింది? మల్టీమీటర్ పెట్టి చూశారు, కరెంటుకు దారి ఉంటే కుయ్యిమనే చిన్న మీటరు అది. హీటర్ బాగానే ఉంది, టైమర్ తిప్పి చూస్తే అదీ బాగానే ఉంది. మిగిలింది బైమెటల్, బొత్తాం బిళ్లంత ముక్క, రెండు వైర్లతో కాయిల్‌కు క్లిప్పు పెట్టి ఉంటుంది. కాయిల్ బాగా చల్లగా ఉన్నప్పుడే హీటర్‌కు కరెంటు వెళ్లనిచ్చి, మంచు కరిగి వేడి తగలగానే ఆపేస్తుంది. దాన్ని పరీక్షించిన తీరు నేను మర్చిపోలేను. పిన్నిగారింటి నుంచి గ్లాసులో ఐస్ తెమ్మన్నారు, గుప్పెడు కల్లుప్పు అడిగారు. కుల్ఫీ బండివాళ్లు ఐస్‌లో ఉప్పు కలిపినట్టే, ఉప్పు పడితే ఐస్ సున్నా కంటే ఇంకా కిందికి చల్లబడుతుంది. అందులో పాత ముక్కను కవరు చుట్టి ముంచి, మీటరు తీగలు ఆనించారు. పది నిమిషాలైనా మీటరు మోగలేదు. తన సంచిలోని కొత్తది ముంచారు. కాసేపటికి లోపల టిక్కుమంది, మీటరు కుయ్యిమంది. మా మూడు వారాల బాధకు మూలం ఆ ముక్క. ఖరీదు 350 రూపాయలు, కూలి 500.

కొత్తది బిగించే ముందు, కాయిల్ కింద నీళ్లు పోయే కన్నంలో ఇంజెక్షన్ సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొట్టారు. వెనక గిన్నెలోకి మురికి దిగింది. ఆ గిన్నెలో అడుగున పాకుడు, అందులో దోమ పిల్లలు కదులుతున్నాయి. డెంగీ దోమకు ఇలాంటి నిలవ నీళ్లే ఇష్టం. ఫ్రిజ్ గిన్నె కడగాలని ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

“మరి ఆ అబ్బాయి ఎక్కించిన గ్యాస్ సంగతేంటి బాబాయ్ గారూ?” అని అడిగాను. ఫ్రిజ్‌ను తిప్పి, కంప్రెసర్ దగ్గర మొన నొక్కి మూసిన సన్నటి రాగి గొట్టం చూపించారు. గ్యాస్ పట్టేది దాని గుండానే. పట్టి ఉంటే ఆ గొట్టం కోసి మళ్లీ అతికిన మాటు, మంట మసి ఉండాలి, లేదా వాల్వ్ బిగించి ఉండాలి. మాది ఫ్యాక్టరీలో వేసిన నల్లరంగు కూడా చెదరకుండా ఉంది. గ్యాస్ పట్టనే లేదు. వెనక స్టిక్కరు మీద ఆర్ 600ఎ అని, పక్కన గ్రాముల లెక్క ఉంది. అది ఐసోబ్యూటేన్, వంటగ్యాస్‌కు దగ్గరి చుట్టం, నిప్పంటుకునేది. అలాంటిది కొన్ని పదుల గ్రాములే పడుతుంది, త్రాసులో తూచి ఎక్కించాలి. “త్రాసు లేకుండా గ్యాస్ పడతానన్నవాణ్ని గడప దాటనివ్వకండి. పైగా గ్యాస్ వాడేకొద్దీ అయిపోయేది కాదు. కారితేనే పోతుంది. ఎక్కడ కారుతోందో చూపించమనండి ముందు” అన్నారు.

ఆ గొట్టం ఫొటో, డబ్బు పంపిన రసీదు ఆ నంబరుకు పంపి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తానని రాశాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు 3,000 తిరిగి వచ్చాయి, మాటా పలుకూ లేకుండా. మావారు మిగతా ఎనిమిది వందలకూ పట్టుబడదామన్నారు. నాకు ఓపిక లేక వదిలేశాను.

నా మనసు డబ్బు మీద లేదు. ఫ్రిజ్ బాగైన సాయంత్రం అటక మీది బుట్ట దించాను. అప్పటికి సగం పళ్లు మచ్చపడి పోయాయి. అత్తయ్యగారి మంచం పక్కన కూర్చుని, “మిమ్మల్ని అనుమానించాను అత్తయ్యా, తప్పు నాది” అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని “పోనీలే అమ్మాయ్, నువ్వు నా కోసమే కదా దాన్ని అక్కడ పెట్టింది” అన్నారు.

ఇప్పుడు ఫ్రిజ్ మధ్య అరలో గ్లాసు నీళ్లలో చిన్న థర్మామీటర్ ఉంటుంది, పక్కనే ఇన్సులిన్ డబ్బా. పొద్దున్నే తన షుగర్ చూసుకోగానే అత్తయ్యగారు వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి, కళ్లజోడు సవరించుకుని చదువుతారు. “ఇవాళ నాలుగు, అమ్మాయ్” అని వంటింట్లో ఉన్న నాకు వినపడేలా చెబుతారు.