స్టేషన్ ముందు ఆగిన విమానం

కోకూకోయెన్ స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా విమానం! టోక్యో పక్కన టొకొరొజావాలో, జపాన్ మొదటి విమానాశ్రయం 1911లో వెలసిన ఊళ్ళో, వైఎస్-11 అనే ప్రయాణికుల విమానం నిలబడి ఉంది. ఇవాళ నా ట్రైన్ పోతే పోయిందనుకుని ఆగిపోయాను.

ప్రొపెల్లర్‌కి నాలుగు రెక్కలు. ఒక్కో ప్రొపెల్లర్ నాలుగు మీటర్లు దాటుతుంది, కింద నిలబడితే తల పూర్తిగా ఎత్తాలి. వెనకున్నది రోల్స్ రాయిస్ డార్ట్ ఇంజిన్. ఇంజిన్ బ్రిటన్‌ది, విమానం మాత్రం జపాన్ వాళ్ళ సొంతం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ దేశంలో విమానాల తయారీ మీదే నిషేధం. అది తొలగాక, ఆ యుద్ధంలో జపాన్ వాడిన జీరో ఫైటర్ అనే యుద్ధవిమానం రూపకర్త హోరికోషి జిరో లాంటి పెద్దలు మళ్ళీ కూర్చుని దీని డిజైన్‌కి పునాది వేశారు. 1962 ఆగస్టు 30న మొదటిసారి ఎగిరింది. 1964లో ఒలింపిక్ జ్యోతిని ఒకినావా నుంచి తెచ్చింది కూడా వైఎస్-11నే. ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు పులకరించింది.

182 తయారయ్యాయి. అమెరికా, గ్రీస్ దాకా వెళ్ళాయి. కానీ లెక్కల్లో నష్టాలే మిగిలి, ఉత్పత్తి ఆగింది. కంట్రోల్స్ బరువుగా ఉంటాయని పైలట్లు అనేవారట. హైడ్రాలిక్ (ద్రవ ఒత్తిడితో పనిచేసే) సాయం లేదు కదా, అంతా చేతి బలమే! అయినా చిన్న దీవులకి మనుషుల్ని మోస్తూ 2006 సెప్టెంబర్ 30 దాకా జపాన్‌లో ప్రయాణికుల సేవ చేసింది. నష్టాల గురించి చెప్పేవాళ్ళు ఈ నలభై ఏళ్ళ చాకిరీని కూడా చెప్పాలి.

పక్కన ఒక తాతగారు మనవడికి రెక్క చూపిస్తూ ఏదో చెబుతున్నారు. నాకు సగమే అర్థమైంది. తర్వాతి ట్రైన్ కూడా వదిలేశాను.