డీవీడీ నాటి యాడ్ఆన్‌లు స్టీమ్ ఎడిషన్‌లోకి: ఇప్పటిదాకా ఏం పనిచేశాయి

2006లో డీవీడీలపై వచ్చిన మైక్రోసాఫ్ట్ విమానాల గేమ్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ (ఎఫ్‌ఎస్‌ఎక్స్)లో హైదరాబాద్ అంటే బేగంపేట విమానాశ్రయమే. శంషాబాద్ విమానాశ్రయం మొదలైందే 2008 మార్చిలో. అందుకే పాత హార్డ్ డిస్క్‌లోని యాడ్ఆన్‌లలో (గేమ్‌కు విడిగా చేర్చుకునే విమానాలు, సీనరీల్లాంటివి) ముందుగా స్టీమ్ ఎడిషన్‌లోకి, అంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో తర్వాత వచ్చిన అదే గేమ్‌లోకి, తెచ్చుకున్నది ఉచితంగా దొరికిన శంషాబాద్ సీనరీ.

సీనరీలతో పెద్దగా పేచీ లేదు. బీజీఎల్ (సీనరీ డేటా) ఫైళ్లున్న 'సీనరీ' ఫోల్డర్, పక్కనే 'టెక్స్చర్' ఫోల్డర్, రెండూ ఒకే ఫోల్డర్ కింద ఉంటే చాలు. సీనరీ లైబ్రరీలో 'యాడ్ ఏరియా' నొక్కి దాన్ని చూపించాలి. కొత్త విండోస్‌లలో ఓకే నొక్కినా కిటికీ మూసుకోక, ఫోల్డర్ లోపలికి వెళ్లి ఆగిపోతుంది. అక్కడ ఖాళీ తెల్లజాగాలో ఒక క్లిక్ ఇస్తే లిస్టులో చేరుతుంది. ఎందుకలాగో అడక్కండి! సీనరీతోపాటు ఎత్తు సరిచేసే చిన్న బీజీఎల్ వస్తే, దాని రీడ్‌మీ తప్పకుండా చదవండి. చాలావరకు దాన్ని సిమ్ (సిమ్యులేటర్) సొంత 'వరల్డ్' ఫోల్డర్‌లోని 'సీనరీ'లో పెట్టమంటారు. పెట్టకపోతే రన్‌వే గుంతలోనో దిబ్బ మీదో కనిపిస్తుంది.

అసలు తలనొప్పి విమానాల ఇన్‌స్టాలర్లతో. సిమ్ ఎక్కడుందో అవి విండోస్ రిజిస్ట్రీని (ప్రోగ్రాముల వివరాలు నమోదయ్యే చోటు) చూసి తెలుసుకుంటాయి. మెషీన్‌లో స్టీమ్ ఎడిషన్ ఒక్కటే ఉంటే అది పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్ పేరుతోనే నమోదవుతుంది కాబట్టి ఇన్‌స్టాలర్‌కు తేడా తెలియదు. డీవీడీ ఎడిషన్ కూడా ఉంటే మాత్రం స్టీమ్ ఎడిషన్ రిజిస్ట్రీలో వేరే కీ (పద్దు) తీసుకుంటుంది, సెట్టింగ్స్ ఫోల్డర్ పేరు కూడా 'ఎఫ్‌ఎస్‌ఎక్స్-ఎస్‌ఈ' అయిపోతుంది. డీవీడీ ఎడిషన్‌ను తీసేసినా రిజిస్ట్రీలో దాని అవశేషాలు మిగిలితే ఇదే తంతు. అప్పుడు ఇన్‌స్టాలర్ 'సిమ్ కనబడలేదు' అంటుంది, లేదా ఫైళ్లను పాత చోటే కుమ్మరిస్తుంది. ఇన్‌స్టాలర్ లేని జిప్ ఫైళ్లే నయం. విమానం ఫోల్డర్‌ను సిమ్ఆబ్జెక్ట్స్‌లోని ఎయిర్‌ప్లేన్స్‌లో, గేజ్‌లను (ప్యానెల్‌లోని మీటర్లు) గేజెస్‌లో పెడితే పనైపోతుంది.

వాతావరణం, ట్రాఫిక్ లాంటి బయటి ప్రోగ్రాములకు వాటిని సిమ్‌తో కలిపే సిమ్‌కనెక్ట్ కావాలి. పాతవి తమ కాలం నాటి వెర్షన్‌నే అడుగుతాయి. ఆ పాత సిమ్‌కనెక్ట్ ఇన్‌స్టాలర్లు స్టీమ్ ఎడిషన్ ఎస్‌డీకే (డెవలపర్ల పనిముట్లు) ఫోల్డర్‌లో 'లెగసీ ఇంటర్‌ఫేసెస్' కింద ఉన్నాయి. వాటిని నడిపించాక నా వెదర్ ప్రోగ్రాం మారుమాట లేకుండా కనెక్ట్ అయింది.

ఇదే సామాను ఎఫ్‌ఎస్‌ఎక్స్ నుంచే పుట్టిన మరో సిమ్యులేటర్ ప్రీపార్3డీకి తీసుకెళ్దామంటే నాలుగో వెర్షన్ దగ్గర గోడ తగులుతుంది. 2017లో అది 64 బిట్‌కు మారింది, 32 బిట్ డీఎల్ఎల్, గావ్ (.gau) ఫైళ్లుగా ఉన్న గేజ్‌లు అందులో లోడ్ కావు. విమానం కనిపిస్తుంది గానీ ప్యానెల్‌లో ఆ మీటర్లుండవు. ఎక్స్ఎంఎల్‌తో రాసిన గేజ్‌లైతే చాలావరకు బతికిపోతాయి. కాబట్టి విమానాన్ని కాపీ చేసే ముందు ప్యానెల్ ఫోల్డర్ తెరిచి లోపల ఏముందో చూస్తున్నాను.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ఎడిషన్ లెక్కే వేరు. అక్కడ ప్రతి యాడ్ఆన్‌కూ మానిఫెస్ట్, లేఅవుట్ అనే రెండు జేసన్ ఫైళ్లుండాలి, కమ్యూనిటీ ఫోల్డర్‌లో వేయాలి. లేఅవుట్‌లో పేరు లేని ఫైలును సిమ్ పట్టించుకోదు. 2024 ఎడిషన్‌కు కమ్యూనిటీ ఫోల్డర్ వేరే ఉంది. రెండు కాపీలు దండగని సీనరీలన్నీ ఒకే చోట ఉంచి, రెండు కమ్యూనిటీ ఫోల్డర్లకూ సింబాలిక్ లింకులు (ఫైళ్లు అక్కడే ఉన్నట్టు చూపే దారులు) ఇచ్చాను. సీనరీలు బాగానే నడుస్తున్నాయి. విమానాలను మాత్రం ఒక్కొక్కటిగా పెట్టి చూస్తున్నాను, ఈ వారం వంతు చిన్న సెస్నాది.