సూటు రంగు, బూటు చాయ

సూటుకు తగిన తోలు బూట్లు ఎంచుకునేటప్పుడు చాలామంది నేవీ బ్లూకు ఏ రంగు నప్పుతుంది, గ్రేకు ఏది నప్పుతుంది అని రంగుల పేర్లతోనే ఆలోచిస్తారు. నేను మాత్రం ముందుగా ఆ రంగు ఎంత ముదురుగా ఉందో చూస్తాను. బూటు ప్యాంటుకంటే ముదురుగానో, కనీసం దానితో సమానమైన చాయలోనో ఉన్నప్పుడు ఎదుటివారి చూపు భుజాల నుంచి నేల దాకా ఎక్కడా ఆగకుండా సాగుతుంది. ముదురు ప్యాంటు కింద బూటు మరీ లేతగా ఉంటే ఆ చూపు పాదాల దగ్గరే చిక్కుకుపోతుంది.

ఈ లెక్కన చూస్తే అన్నిటికంటే ఎక్కువ అవకాశాలు ఇచ్చేది నేవీ బ్లూ సూటే. నలుపు బూట్లతో అది పూర్తిగా ఆఫీసు వేషం. ముదురు గోధుమ రంగు బూట్లతో అదే సూటు కాస్త మెత్తబడి, పగటి వేడుకలకూ విందులకూ పనికొస్తుంది. నాకు ఈ రెండింటికంటే బాగా నచ్చేది ఎండిన ద్రాక్షరంగులో ఉండే బర్గండీ. దానిలోని ఎరుపు నీలాన్ని నిగ్గుదేలుస్తుంది, అయినా చీకటి పడ్డాక దీపాల వెలుతురులో దాదాపు నలుపులా కనిపించి మర్యాద నిలుపుతుంది. ఇక ఈ మధ్య తరచుగా కనిపించే టాన్, అంటే లేత పసుపు గోధుమ రంగు బూట్లు కాస్త వెలుగున్న నీలానికి బాగానే ఉంటాయి గానీ, నలుపుకు దగ్గరపడిన నేవీ కింద మాత్రం విడిగా అతికించినట్టు కనిపిస్తాయి.

నల్ల సూటుకు నల్ల బూట్లే. రాత్రి విందులకు వేసుకునే లాంఛన సూటు టక్సీడో అయితే అద్దంలా మెరిసే పేటెంట్ తోలు ఆనవాయితీ. బొగ్గులా ముదురుగా ఉండే చార్‌కోల్ గ్రేకు నలుపు, బర్గండీ, చాలా ముదురు గోధుమ రంగు సరిపోతాయి. లేత గ్రే సూటు వేసవి పగటి పూటకు చెందినది కాబట్టి మధ్యస్థమైన గోధుమ రంగు దానికి సహజంగా అమరుతుంది. నలుపు తప్పు కాదు గానీ కింద బరువుగా తోస్తుంది. గోధుమ రంగు సూటుకు అచ్చంగా అదే రంగు బూట్లు వెతకడం వృథా శ్రమ. బట్ట, తోలు వెలుతురును ఒకే విధంగా తిప్పికొట్టవు కాబట్టి ఆ రెండూ దగ్గర దగ్గరగా ఉండి కలవనట్టే కనిపిస్తాయి. ఒకటి రెండు చాయలు ముదురుకు వెళ్లడమే మేలు.

లండన్ ఆర్థిక సంస్థల్లో పని దుస్తులకు గోధుమ రంగు బూట్లు కూడవన్న పాత ఆచారం ఒకటుంది. గోధుమ రంగు పల్లెటూళ్లకూ వేటకూ తగినదని అక్కడి పెద్దమనుషుల భావన. ఇది కేవలం పాతకాలపు ముచ్చట అనుకోవడానికి లేదు: పెట్టుబడి బ్యాంకుల్లో ఉద్యోగాలకు వచ్చే యువకులను సూటుతో గోధుమ రంగు బూట్లు వేసుకున్నందుకు తక్కువగా చూసే మేనేజర్లు ఉన్నారని బ్రిటన్‌లోని సోషల్ మొబిలిటీ కమిషన్ అనే ప్రభుత్వ సలహా సంస్థ 2016లో వెలువరించిన నివేదిక ప్రస్తావించింది. ఆ నియమం నాకు అన్యాయంగానే తోస్తుంది. అయినా, ఇంటర్వ్యూ చేసేవారి అభిరుచి తెలియనప్పుడు లేసులతో గంభీరంగా ఉండే నల్ల ఆక్స్‌ఫర్డ్ బూట్లు వేసుకువెళ్లడంలో నష్టమేమీ లేదు.

రంగుతో పాటు బూటు తీరునూ గమనించాలి. లేసులు కట్టే పట్టీలు పైభాగం కిందికి ముడుచుకుపోయి ఉండే ఆక్స్‌ఫర్డ్, ఆ పట్టీలు విడిగా తెరుచుకునే డెర్బీకంటే గంభీరంగా ఉంటుంది. తోలు మీద చిల్లులతో అలంకరించిన బ్రోగ్, నూగుగా ఉండే స్వేడ్ ఎంత ముదురు రంగులో ఉన్నా సూటు బిగువును కొంత సడలిస్తాయి.

గోధుమ రంగు తోలు కొన్ననాటి చాయలోనే ఉండిపోదు. ముఖ్యంగా చెట్ల బెరడు రసాలతో పదును చేసిన తోలు ఎండకు క్రమంగా ముదురుతుంది; తోలు కంటే ముదురైన పాలిష్ వాడితే ఆ మార్పు ఇంకా త్వరగా వస్తుంది. ముదిరిన తోలును మళ్లీ లేతగా మార్చడం మాత్రం అంత తేలిక కాదు. దుకాణంలోని పసుపు దీపాల కింద బూట్లను, సూటును పక్కపక్కన పెట్టి తృప్తి పడకుండా, రెండింటినీ పగటి వెలుతురులో చూసి కొనాలి. బెల్టు బూట్ల రంగు కుటుంబంలోనే ఉంటే చాలు, అచ్చుగుద్దినట్టు ఉండనక్కరలేదు. సాక్సులు మాత్రం బూట్లకు కాకుండా ప్యాంటుకు కలవాలి, అప్పుడే కూర్చున్నప్పుడు కాలి గీత మధ్యలో తెగదు.