బాలింతగా ఉన్నప్పుడు నా మెడ రక్తనాళం చిరిగింది

బిడ్డ పుట్టిన మొదటి వారాల్లో తల్లికి ఏ నొప్పి వచ్చినా ఇంట్లో దానికో కారణం సిద్ధంగా ఉంటుంది. నాకు ఎడమవైపు చెవి కింది నుంచి తల వెనక దాకా నొప్పి మొదలైతే, వంగి పాలిస్తున్నావు కదా అంది అత్త. చెవుల్లో దూది పెట్టుకోమంటే వినలేదు, గాలి సోకింది అంది అమ్మ. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. కానీ నాకు తెలిసిన మెడ పట్టు అలా ఉండదు. అలాంటి నొప్పి అంతకుముందు ఎప్పుడూ ఎరగను.

మాది కోడుమూరు దగ్గర పల్లె. ఆపరేషన్ కాన్పు కాబట్టి, మొదట చూపించిన చోట వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజక్షన్ వల్ల వచ్చిన తలనొప్పి అన్నారు. ఆ రకం నొప్పి లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. నాకు పడుకున్నా తగ్గడం లేదని చెప్పాను. పట్టించుకోకుండా మాత్రలిచ్చి పంపేశారు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఒకరోజు పొద్దున అమ్మ నాకు స్నానం చేయిస్తోంది. ఎడమ భుజం మీద నీళ్లు చుర్రుమన్నాయి. కుడి భుజం మీద పోస్తే వేడే తెలియలేదు. "అమ్మా, రెండూ ఒకే నీళ్లేనా?" అని అడిగాను. లేవబోతే ఎడమవైపుకు ఒరిగిపోయాను. కళ్లు తిరిగి వాంతి అయింది. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి, గొంతు బొంగురుపోయింది, ఎడమ కనురెప్ప వాలిపోయింది. మా ఆయన 108కి ఫోన్ చేశాడు.

కర్నూలులో మొదట తీసిన సీటీ స్కాన్‌లో ఏమీ కనపడలేదు. న్యూరాలజీ డాక్టరమ్మ దాంతో ఆగలేదు. చల్లటి ఇనుప వస్తువు ఒకటి బుగ్గలకు, చేతులకు తాకించి చూసింది. ముఖంలో ఎడమవైపు, ఒంట్లో కుడివైపు చల్లదనం తెలియలేదు. వెంటనే ఎమ్మారై, మెడ రక్తనాళాల యాంజియోగ్రామ్ రాసింది.

మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు మెడలో నాలుగు. ముందువైపు రెండు కెరోటిడ్ నాళాలు, వెన్నుపూసల గుండా పైకెక్కేవి రెండు వర్టిబ్రల్ నాళాలు. నాకు ఎడమ వర్టిబ్రల్ లోపలి పొర చిరిగి, రక్తం నాళం గోడలోకే దూరి, దారి ఇరుకైపోయింది. మెదడు అడుగున మెడుల్లాలో ఒక పక్కకు రక్తం అందక స్ట్రోక్ వచ్చింది. ఒంటి నుంచి వేడినీ నొప్పినీ మోసే నరాలు అక్కడికి చేరేలోపే అటువి ఇటు మారతాయట. అందుకే ఎడమవైపు దెబ్బకు కుడి చేతికి వేడి తెలియలేదు. గర్భంతో నాళాల గోడల్లో వచ్చే మార్పులు, బీపీ, కాన్పులో గట్టిగా ముక్కడం కారణాలు కావచ్చని డాక్టరమ్మ చెప్పింది. అరుదైన జబ్బే, కానీ ఆపరేషన్ కాన్పు అయినవాళ్లకూ వస్తుంది.

ముక్కు గొట్టంతో ఆహారం, ఆగని వెక్కిళ్లు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను. మింగడం మళ్లీ నేర్చుకునేటప్పుడు నీళ్లకంటే చిక్కటి రాగి జావే సులువైంది. పల్చటివి గబుక్కున ఊపిరితిత్తుల్లోకి జారతాయి కాబట్టి, గడ్డం ఛాతీకి ఆనించి చెంచా చెంచాగా మింగించారు. ఫిజియోథెరపీలో గోడ పట్టుకుని నడిచాను.

రక్తం గడ్డకట్టకుండా ముందు హెపారిన్, తర్వాత వార్ఫరిన్ ఇచ్చారు. పాలు మాన్పించాలేమో అని మా ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ రెండు మందులకూ అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పగానే అమ్మ ఏడ్చేసింది. వార్ఫరిన్ వాడుతున్నంతకాలం, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి. ఆకుకూరలు ఈ మందు పనిని తగ్గిస్తాయి కాబట్టి, గోంగూర, పాలకూర మానక్కర్లేదు గానీ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ కాకుండా ఎప్పుడూ ఒకేలా తినమంది డాక్టరమ్మ.

కొన్ని నెలల తర్వాత తీసిన స్కాన్‌లో నాళం తెరుచుకుంది. ఈ జబ్బులో చాలామందికి అలా మానుతుందట. నడక తిన్నగా వచ్చింది, గొంతూ వచ్చింది. కుడి చేతికి వేడి మాత్రం ఇంకా సరిగా తెలియదు, పాప స్నానం నీళ్లు ఎడమ చేత్తోనే చూస్తాను. మెడ విరిపించడం, గట్టిగా మర్దన చేయించుకోవడం నాకు ఇక కుదరదు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వద్దన్నారు, కాపర్ టీ వేయించుకున్నాను. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే న్యూరాలజిస్టునూ కాన్పుల డాక్టర్నూ కలవాలి.